డేరాలో జరిగిన నా పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో మా వైపు సినిమాను బొమ్మ అనేవాళ్ళం. బొమ్మ అర్థం కాకపోతే ఊరకే ఇంటికొచ్చి పడుకునే అలవాటు ఎవరికీ లేదు. కొన్న టిక్కెట్టుకు కథ దక్కాలి. దక్కకపోతే పక్కవాడితో వాదించి అయినా ఒక కథ సంపాదించుకుని లేచేవాళ్ళం. అందుకు తగిన సదుపాయం కూడా ఉండేది. ఆత్మకూరుకు వచ్చే డేరా టాకీసులో బొమ్మ వేసే మిషను ఒకటే. ఒక రీలు అయిపోగానే దీపాలు వెలిగించి, రెండోది ఎక్కించేదాకా జనాన్ని వాళ్ళ మానాన వదిలేసేవాళ్ళు. ఆ సందులో సోడాలు, మురుకులు తిరిగేవి. జరిగిన కథ మీద తీర్పులు కూడా అప్పుడే జరిగేవి. (ఇప్పుడు బొమ్మ ఆగకుండా నడుస్తుంది. అర్థం చేసుకునే భారమంతా ఒక్కడి మీదే పడింది. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం.)

మాది ఉదయగిరి. యాభైల నడిమి రోజుల్లో నేను ఆత్మకూరులో ఒక శెట్టిగారి మండీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. డైరీ రాయడం అప్పటికే అలవాటయింది. నాయన వరికుంటపాడులో నాకొక సంబంధం చూశాడు. పిల్ల తండ్రి లాంఛనాల గురించి పెద్దగా మాట్లాడలేదు, పొలం గురించీ అడగలేదు. ఒక్కటే అడిగాడు, కుర్రవాడు పేక ముట్టుకుంటాడా అని. కారణం ఉంది. పిల్ల మేనమామ జలదంకి దగ్గర తన వాటా మాగాణి అంతా మూడుముక్కలాటలో పోగొట్టుకుని, అక్క ఇంటికి చేరాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆడవాళ్ళు పేక ముక్క కనపడితే పొయ్యిలో వేసేవాళ్ళు.

పిల్లను నేను ఒక్కసారే చూశాను. పళ్ళెంలో పెట్టిన అరిసెను నేను నాలుగు సమానమైన ముక్కలు చేసి ఒక్కొక్కటే తింటుంటే, గడప అవతల ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక తల దించుకుంది. ఈ సంబంధం తప్పిపోతే నేను మనిషిని కానని ఆ సాయంత్రమే అనిపించింది. డైరీలో మాత్రం 'సంబంధం ఫరవాలేదు' అని రాసుకున్నాను.

తరువాత నా నడవడిక ఆరా తీయడానికి పంపింది ఆ మేనమామనే. పాము కాళ్ళు పాముకే తెలుస్తాయని వాళ్ళ లెక్క. బక్కపలచటి మనిషి. రెండు చేతులూ కండువాలో చుట్టిపెట్టుకుని, చలికాలం కాకపోయినా చలికాలంలో మాదిరి కూర్చునేవాడు. మండీలో నా పక్కన ఒక పూటంతా కూర్చున్నాడు, నాలుగు మాటలు మాట్లాడలేదు. శెట్టిగారు నన్ను లోపలికి పిలిచి, తెలివిగా మాట్లాడమనీ, మందమతికి ఎవరూ పిల్లనివ్వరనీ హెచ్చరించాడు. ఆ ఒక్క హితవును నేను గట్టిగా పట్టుకున్నాను. సాయంత్రం మండీ కట్టేసే వేళకు మేనమామ లేచాడు.

"డేరాలో ఏందో జూదం బొమ్మ ఆడతా ఉండాదంట. పోదాం రా అబ్బయ్యా."

జూదగాడికి జూదం మీద మోజు పోలేదని లోపల నవ్వుకున్నాను. అది నాకు పెట్టిన పరీక్ష అని తెలుసు. ఏ పాఠంలో పరీక్షో మాత్రం తెలియలేదు.

బెంచీ టిక్కెట్టు తీసుకున్నాం. అది ఏదో వేరే భాషలో తీసి తెలుగు మాటలు అతికించిన బొమ్మ. పెదవులు ఆగిపోయాక కూడా మాటలు వచ్చేవి. అందులో అందరూ కోట్లు, టోపీలు వేసుకుని అద్దాల మేడలో పేకాడుతూ ఉంటారు. అంత పొగ నేను ఇటికల బట్టీ దగ్గర కూడా చూడలేదు. ఎవరూ పూర్తి మాట చెప్పరు. ఒకరిని చూసి ఒకరు కనుబొమ్మ ఎత్తుతారు, వెంటనే ఎక్కడో తుపాకి పేలుతుంది. రెండో రీల్లో మెట్ల మీదనుంచి పడి చచ్చిపోయిన మనిషి నాలుగో రీల్లో నున్నగా తల దువ్వుకుని వచ్చి ముక్కలు పంచాడు.

అక్కడినుంచి డేరా మూడుగా చీలింది. హీరో మారువేషంలో ఉన్న పోలీసని నేల టిక్కెట్టు జనం తీర్మానించారు. ఇంతసేపూ సీసా ముట్టలేదు గదా అని వాళ్ళ ఆధారం. పోలీసయితే అంత మంచి కోటు ఎవరు కుట్టించారని బెంచీలవాళ్ళు ఎదురడిగారు. వాళ్ళ లెక్కన వాడు దొంగ. కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులు, చచ్చినవాడూ బతికినవాడూ అన్నదమ్ములని తేల్చి కాళ్ళు చాపుకున్నారు. దీపాలు వెలిగినప్పుడల్లా మేనమామ, ఇప్పుడేం జరిగిందని అడిగేవాడు. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆ మాట చెబితే మందమతినవుతాను. కాబట్టి నేల వాదన సగం, కుర్చీ వాదన సగం కలిపి చెబుతూ వచ్చాను.

అసలు ఘట్టం తరువాత వచ్చింది. హీరో ఎదుట ఒక లావుపాటి మనిషి. బల్ల మీద నోట్ల గుట్ట. హీరో మెల్లగా తన మూడు ముక్కలూ తిప్పి పరిచాడు, మూడూ రాజులే. డేరాలో ఒక్కసారిగా ఊపిరి బిగిసింది. లావుపాటి మనిషి తన ముక్కలు చూపించకుండానే విసిరేసి పకపకా నవ్వాడు. సరిగ్గా అక్కడ రీలయిపోయి దీపాలు వెలిగాయి.

"చెప్పు అబ్బయ్యా. గెలిచినోడు ఎవుడు?"

నవ్వినవాడు గెలిచినవాడే అయి ఉండాలి. దానికి కారణం మాత్రం నా బుర్రలోంచి తీయవలసి వచ్చింది.

"లావుపాటాయన గెలిచినాడు మామా. ఇతనికి మూడూ రాజులే పడినాయి గదా. ముగ్గురు రాజులుంటే పరిపాలన సాగదు. ఒక రాజు, ఒక రాణి, పక్కన ఒక బంటు వచ్చింటే సంసారం మాదిరి నిలబడేది."

వెనక బెంచీలో ఎవరికో సోడా కొరబోయి దగ్గు తెర వచ్చింది. మేనమామ ముఖంలో ఏ మార్పూ లేదు.

"అంతేనంటావా?"

"అంతే మామా."

తరువాతి రీల్లో ఆ నోట్లన్నీ హీరో కోటు జేబులో ఉండటం చూసి, లావుపాటాయన జాలిపడి ఇచ్చేసి ఉంటాడని కూడా చెప్పాను. అడగకుండానే చెప్పాను.

చివరికి కారొకటి కొండ మలుపులో మాయమయింది. ఒక పేక ముక్క గాల్లో తిరుగుతూ కింద పడింది, బొమ్మ అయిపోయింది. ఆ కార్లో ఉన్నది ఎవరో చూపలేదు. నేలకూ బెంచీకీ మాటా మాటా పెరిగి కండువాలు నడుముకు చుట్టారు. టాకీసు యజమాని తెర ముందుకొచ్చి చేతులు జోడించి, ఎవరికి ఎట్లా తోస్తే అట్లాగే జరిగిందనుకోమనీ, రేపు కూడా ఆట ఉండాదనీ చెప్పుకున్నాడు. మరునాడు నేలా బెంచీ రెండూ నిండాయని విన్నాను.

మేనమామ పొద్దున్నే బస్సెక్కి వెళ్ళిపోయాడు, ఒక్క మాటా చెప్పలేదు. మండీలో తోటి గుమాస్తాకు జరిగింది చెబితే, అతను నోరు తెరుచుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. మూడు రాజులు పడటమంటే ఆటగాడు కలలో కోరుకునే సంగతట. దాన్ని మించింది మూడు ఆసులొక్కటే. ఊళ్ళో పసివాడికి కూడా ఇది తెలుసన్నాడు. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. గడప అవతల తల దించుకున్న ఆ నవ్వు నాకిక దక్కదనుకున్నాను. తెలివి చూపించబోయి వెర్రివాణ్ణని రుజువు చేసుకున్నాను గదా. డైరీలో ఆ వారం వానల గురించి తప్ప ఏమీ లేదు. (వానలు కూడా పడలేదు.)

తరువాతి సంతనాడు నాయన ఆత్మకూరొచ్చాడు. సంబంధం ఖాయమయిందన్నాడు. మేనమామ ఇంటికెళ్ళి అందరి ముందూ ఒకటే మాట చెప్పాడట.

"ఆ పిల్లోడికి రాజుకీ బంటుకీ తేడా తెలీదు. భయం లేకండా పిల్లనియ్యండి."

నాయన దాన్ని మెప్పుగానే తీసుకున్నాడు. నేను చాలా ఏళ్ళు తీసుకోలేకపోయాను.

పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. మేనమామ ముసలివాడై, ఉదయగిరిలో మా ఇంటి అరుగు మీదికి చేరాడు. మళ్ళీ పేక ముట్టలేదు. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఎన్నాళ్ళుగానో లోపల నలుగుతున్న సందేహం అడిగేశాను. ఆ బొమ్మలో హీరో ఇంతకూ పోలీసా, దొంగా?

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. అప్పుడు కూడా అవి కండువాలోనే ఉన్నాయి.

"నాకేం తెలుసు అబ్బయ్యా. నేను ఆ బొమ్మ చూళ్ళా. ఎదురుగా అంతంత ముక్కలు పరస్తా ఉంటే చూసి తట్టుకోగలనా నేను? తెర వైపు తిరగలా. దీపాలార్పినప్పటినుంచి తెర వెలుతుర్లో నీ మొగమే చూస్తా కూర్చున్నా. మూడు రాజులు పడినప్పుడు డేరాలో ప్రతి మొగమూ వెలిగింది. నీదొక్కటే తెల్లబోయింది. ఆ మొగం చూసినాకనే, పేక కోసం పీకతా ఉండిన నా చేతులు కుదుటపడినాయి."

ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది. నా దగ్గర ఇన్ని డైరీలున్నాయి, ఆనాటి ఆ ముఖం ఎట్లా ఉండిందో ఒక్కదాంట్లోనూ లేదు. ఫోటో కూడా లేదు. నాకు పెళ్ళి చేసిపెట్టిన ముఖాన్ని నేను చూడలేదు, ఆయనొక్కడే చూశాడు. మొన్న మనవడిచ్చిన కొత్త ఫోనును చేతిలో పట్టుకుని ఎటు నొక్కాలో తెలియక చూస్తూ ఉంటే, మా ఆవిడ గడప దగ్గర నిలబడి నవ్వు ఆపుకుంటోంది. ఏందని అడిగాను.

"ఏం లేదు. మా మామ చూసిన మొగం ఇదేనేమో అని."

అద్దం ఎదురుగానే ఉంది. లేచి చూసుకోబోయాను. అప్పటికే నేను నవ్వుతున్నాను.