మూడు మెలికల ఉచ్చు

అడవి చూడొచ్చిన అతిథులు చలికాలపు గుడారాల్లో లేవకముందే కాపలాదారు మంచుగడ్డి తొక్కుకుంటూ, దొంగవేటగాళ్లు పన్నిన ఉచ్చులు ఏరడానికి బయల్దేరతాడు. దొరికిన ఇనుపతీగనల్లా విప్పి, చుట్టగా చుట్టి భుజాన తగిలించుకుంటాడు. ఆ రోజు తెల్లపూల ముళ్లపొదలో, ముందురోజు అతిథులు ఫోటోలు తీసుకున్న దుప్పే తన్నుకుంటోంది. తీగ మెడలో ఎముకదాకా దిగింది, పూలన్నీ నెత్తురే. మోకాలితో అదిమిపట్టి, కత్తితో దాని బాధ తీర్చాడు. తీగ తుడిచి చూస్తే మూడు మెలికల ముడి. అలా ముడేసేవాడు ఇప్పుడు బావమరిది ఒక్కడే.

కోపం నషాళానికంటింది. తిన్నగా వాడింటికెళ్లి, జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చి, అదే తీగతో వీపు చీరేశాడు. "నోరులేని జీవంరా అది! నీకు చేతులెలా వచ్చాయిరా?" "చంపకు బావా! ఈ ముడి నేర్పింది నువ్వే కదా!" చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ తర్వాత పడిన దెబ్బలు మొదటివాటికంటే గట్టివి.