శాంతక్క నోట్‌బుక్కు, నా ఒక్క పేజీ

వేములవాడ తొవ్వల ఉన్న మా నూలు మిల్లుల ఒక్కో సెక్షనోళ్లు ఒక్కో కంప్యూటర్ కొనుక్కున్నరు. ఒకటే బేరింగుకు స్టోర్ల ఒక నంబరు, మెయింటెనెన్సుల ఒకటి, పర్చేజుల ఇంకోటి. గివన్నిటిని ఒక్క తీరుకు తెచ్చేందుకే ఆర్నెల్ల కింద నా కొత్త సెక్షను పెట్టిండ్రు. "మీ సెక్షను ఎందుకుండాలె, దానితోని లాభమేంది, ఒక్క పేజీల రాసియ్యి" అన్నడు మేనేజరు. ఇయ్యాల పొద్దుగాల రాసిచ్చిన. "ఇన్నేండ్లల ఈ మిల్లుల గీ పని చేసినోళ్లు ఎవ్వరు లేరు" అని మొదటి లైనే పెట్టిన. రాసి మస్తు మురిసిన గూడ.

పగటీలి ఒక మిషను ఆగింది. బేరింగు కోసం మెకానిక్కు నా గది దాటి, సీదా స్టోర్ల అటెండరు శాంతక్క దగ్గరికి పోయిండు. నేను గూడ ఎనుకనే పోయిన. ఆమె నూనె మరకల నోట్‌బుక్కు ఒకటి తీసింది. ప్రతి సామాను పేరు పక్కన మూడు సెక్షన్ల నంబర్లు వరుసగ రాసి ఉన్నయి. నిమిషంల బేరింగు దొరికింది.

"గిది ఎప్పటిసంది రాస్తున్నవక్కా?" అని అడిగిన.

"కంప్యూటర్లు వచ్చినప్పటిసంది సార్. అందరు పరేషాన్ అయితుండ్రని రాసుకున్న. ఇగ మీరొచ్చిండ్రు గద, నాకు ఫికర్ లేదు. మీ తాననే ఉంచుకోండ్రి" అని నా చేతుల పెట్టింది.

నోట్‌బుక్కు పట్టుకొని నా గదికి వచ్చిన. రోజు ఆమె ముందటికెల్లే నా గదికి పోతున్న, ఒక్కనాడన్న ఏం చేస్తున్నవని అడగలే.

గిప్పుడు నోట్‌బుక్కు నా ఒడిల ఉన్నది, నా పేజీ మేనేజరు టేబుల్ మీద ఉన్నది. మొదటి లైను కొట్టెయ్యాలంటే రేపు మేనేజరును ఆ పేజీ వాపస్ అడగాలె. మీరైతే ఏమని చెప్పి అడుగుతరు?