పద్నాలుగు తప్పుల కమాల్ బాషా

ముప్పై ఏళ్లు దాటేదాకా కమాల్ బాషా ప్రొద్దుటూరు మోడంపల్లెలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతికినవాడు. మనస్తత్వ శాస్త్రమనేది ఒకటి ఉందని అతనికి మొదట తెలిసింది ఎర్రగుంట్ల రైల్వే స్టేషన్లో. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది అది. నూలు సరిగా దొరక్క నెలలో పదిరోజులు మగ్గం ఊరికే ఉండేది. ఊళ్లో కొత్తగా పెట్టిన కాలేజీకి మద్రాసు నుంచి పెట్టె వచ్చింది, మోయడానికి మనిషి కావాలంటే పోయినాడు. పెట్టె పక్కన జాగ్రత్తగా నిలబడి ఉన్న లెక్చరర్ సామ్యూల్ సారును, "ఇందులో ఏముంది సార్?" అని అడిగినాడు.

"మనసును కొలిచే సామాన్లు," అన్నాడు సారు.

"అట్లనా, మనసు శానా తేలిగ్గా ఉందే," అంటా కమాల్ బాషా పెట్టెను భుజానికెత్తుకున్నాడు.

సామ్యూల్ సారు జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగినాడు. మద్రాసులో ఆయన చదివింది తత్వశాస్త్రం. అందులో మనస్తత్వ శాస్త్రం ఒక పేపరు. ఆ ఒక్క పేపరును నమ్మి కాలేజీవాళ్లు విభాగమంతా ఆయన నెత్తిన పెట్టినారు. పాఠం చెప్పడంలో ఆయనకు వంక పెట్టే వీల్లేదు. కళ్లు అరమూసి జర్మనీ దేశపు ప్రయోగశాలల గురించి చెబుతుంటే వెనక బెంచీవాళ్లు కూడా మేలుకుని వినేవాళ్లు. పెట్టె తెరిచేటప్పుడు మాత్రం ఆయన రెండడుగులు వెనక్కి జరిగినాడు. తాను చదివిన చోట ఆ సామాన్లు అద్దాల బీరువాలో ఉండేవట. బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో మూడేళ్లలో ఎవరికీ తెలిసిరాలేదట.

పెట్టెలో ఉన్నవాటిలో ముఖ్యమైంది నక్షత్రం. ఒక ఇత్తడి రేకు మీద ఆరు మొనల నక్షత్రం చెక్కి ఉంటుంది. దాని ముందు నిలువుగా ఒక అద్దం, చేతికి అడ్డంగా ఒక పలక. చేతిని చూడకూడదు. అద్దంలో కనిపించే నక్షత్రాన్నే చూసుకుంటా గీత వెంబడి పుల్ల నడపాలి. గీత దాటితే ఒక తప్పు. ఆరుసార్లు గీయిస్తే తప్పులు వరుసగా తగ్గుతూ రావాలి. మనిషి అభ్యాసంతో నేర్చుకుంటాడనే దానికి అది రుజువు. దారిలో అద్దం కాలు విరిగిపోతే కమాల్ బాషా ఇంటికి పోయి మగ్గం తాడు, ఒక చెక్కమేకు తెచ్చి, అసలుదానికంటే గట్టిగా నిలబెట్టినాడు. ఆ చేతిపని చూసి ప్రిన్సిపాలు అతన్ని ప్రయోగశాల అటెండరుగా వేసుకున్నాడు. తాత్కాలికంగా. ప్రతి జూన్‌లోనూ ఉద్యోగం పోయేది, జూలైలో కాగితమొస్తే మళ్లీ వచ్చేది.

ప్రయోగానికి ఇద్దరు కావాలి. చేయించే విద్యార్థి ఒకరు, కూర్చుని గీసే మనిషి ఒకరు. కూర్చునే మనిషికి ఆ యంత్రం కొత్తదై ఉండాలని పుస్తకంలో ఉంది. మొదట్లో పన్నెండు మంది విద్యార్థులూ ఒకరికొకరు కూర్చున్నారు. నెలకే గొడవలొచ్చినాయి. తన తప్పులు లెక్కపెట్టి ఇంకొకడు పుస్తకంలో ఎక్కిస్తాంటే చూస్తా కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? బయటివాళ్లను పిలుద్దామన్నారు. పులివెందుల నుంచి వచ్చి చదువుకునే ఒకతను సెలవుల్లో నక్షత్రాన్ని ఊరికి పట్టుకుపోయి పెదనాయన చేత గీయించినాడు. పెదనాయన ముప్పైయెనిమిది తప్పులు చేసినాడు. వారం తిరక్కుండానే అది పిచ్చి పట్టిందీ లేనిదీ చూసే యంత్రమని, పెదనాయనకు ముప్పైయెనిమిది పాళ్లు ఉందని పులివెందుల బస్టాండు దాకా పాకింది. ఆ తర్వాత బయటివాళ్లెవరూ ఆ గది గడప తొక్కలేదు. ఇక మిగిలింది కమాల్ బాషా.

మొదటిసారి అతన్ని కూర్చోబెట్టింది ఇందిరమ్మ అనే విద్యార్థిని. రెండు తప్పులు వచ్చినాయి. రెండోసారి ఒకటి. మూడోసారికి ఏమీ లేవు. అంచులో బుటా ఎక్కించేటప్పుడు కమాల్ బాషాకు బట్టను తిరగేసి నేసే అలవాటు. అడుగున పడే పువ్వును మనసులో చూసుకుంటా పైన దారం తిప్పడం చిన్నప్పటి నుంచీ చేసిన పనే. అద్దంలో నక్షత్రం అతనికి వింతగా తోచలేదు.

సామ్యూల్ సారు ఇందిరమ్మ పుస్తకంలో తప్పుల లెక్కతో గీసిన గ్రాఫు చూసి పెదవి విరిచినాడు. "గీత ఇట్లా రావడానికి వీల్లేదమ్మా. పైనుంచి మెల్లగా కిందికి దిగాల. నువ్వెక్కడో సరిగ్గా చేయించలేదు. మళ్లీ చేసుకునిరా."

ఇందిరమ్మ ప్రయోగశాల మూలకు పోయి కళ్లు తుడుచుకుంది. కమాల్ బాషాకు అది తన పాపంలాగే తోచింది.

"అమ్మా, పుస్తకంలో ఎట్ల దిగుతాది ఆ గీత?" అని అడిగినాడు.

ఆమె చూపించింది. పద్నాలుగు, పదకొండు, ఎనిమిది, ఆరు, నాలుగు, మూడు.

"అంతేనా. కూర్చో, రాసుకో."

లెక్క ప్రకారం పద్నాలుగు తప్పులు చేయడం సరిగ్గా గీయడం కంటే కష్టమని ఆరోజు అతనికి తెలిసొచ్చింది. నాలుగు దినాల్లో అదీ పట్టుబడింది.

ఆరేళ్లు గడిచినాయి. ఏ ఏటి విద్యార్థులు ఆ ఏడు మామా అంటా వచ్చేవాళ్లు.

"మామా, నాకు రేపు ఎడమచేతి ప్రయోగం ఉంది."

"కుడిచేతితో నేర్చినాక ఎడమచేతికి తొమ్మిది. తెలుసులే."

"మామా, నాకు పద్నాలుగు వద్దు, పక్కోడికీ అదే ఇచ్చినావు. పదిహేను చెయ్యి."

"పుస్తకాన్ని మించి నీకేం పని అబ్బా? మళ్లీ సారు ఒప్పుకోకుంటే?"

సారు మాత్రం ఎవరొచ్చినా విద్యార్థుల రికార్డు పుస్తకాలు తీసి చూపించేవాడు. అమెరికాలో వచ్చిన ఫలితాలే ప్రొద్దుటూరులోనూ వస్తున్నాయని, మనిషి మనసు ఎక్కడైనా ఒకటేనని చెప్పేవాడు. ఆయన అబద్ధమాడలేదు. అట్లాంటి సంగతులు కనిపెట్టాలంటే యంత్రం పక్కన నిలబడాల కదా. ఆయనకు ఆ అవసరం రాలేదు.

అరవైరెండులో కాలేజీకి కబురొచ్చింది. విశ్వవిద్యాలయం నుంచి ఒక సంఘం వస్తుంది, మనస్తత్వ శాస్త్ర విభాగాన్ని ఉంచాలో తీసేయాలో తేలుస్తుంది. ఉంచితే అన్ని పోస్టులూ పర్మినెంటు. తీసేస్తే కమాల్ బాషా ఇంటికే. ఇంట్లో మగ్గం అతనిది కాదు. ఉద్యోగమొచ్చిన రెండో ఏడే తమ్ముడు చాంద్ బాషాకు ఇచ్చేసినాడు. ఖాకీ చొక్కా వేసుకుని తిరిగినవాడు తమ్ముని మగ్గం కాడికి పోయి నిలబడడం ఎట్లాంటిదో అతని భార్య జానీబీకి తెలుసు. ప్రతి జూన్‌లోనూ ఆమె పోస్టుమాను సైకిలు గంట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుండేది.

"ఈసారితో ఆ జూన్ పీడ వదలాల," అందామె. "నీ చేతిలో ఏముందో అది సక్రమంగా చేసిరా."

"నా చేతిలో ఉండేది పద్నాలుగే," అన్నాడు కమాల్ బాషా.

సంఘానికి పెద్ద డాక్టర్ పద్మావతమ్మ. కోస్తా మనిషి. నెమ్మదిగా మాట్లాడేది, నెమ్మదిగా పేజీలు తిప్పేది. ఆరేళ్ల పుస్తకాలన్నీ బల్ల మీద పరిచిపెట్టించి ఒక్కొక్కటే చూసింది. గంట తర్వాత కళ్లజోడు తీసింది.

"సామ్యూల్ గారూ, మీ ప్రొద్దుటూరులో జనమంతా ఒకేలా నేర్చుకుంటారా?"

"శాస్త్రానికి ఊరేముందండీ, అన్నిచోట్లా ఒకటే కదా," అన్నాడు సారు సంతోషంగా.

ఆమె సరేనని ఒక ప్రయోగం చేయించమంది. ఓబుళరెడ్డి అనే ఆ ఏటి విద్యార్థి స్టాప్‌వాచీ పట్టుకున్నాడు. కమాల్ బాషా కూర్చున్నాడు. ఇంతకు ముందు గీసినావా అని ఎవరడిగినా లేదనాలని ప్రిన్సిపాలు ముందే చెప్పి పెట్టినాడు. ఎవరూ అడగలేదు. పద్నాలుగు. పదకొండు. మూడోసారికి పుల్ల ఎత్తేలోగా పద్మావతమ్మ చాలని చేయెత్తి, కుర్చీ తన వైపు లాక్కుంది.

"నేను కూర్చుంటాను. సామ్యూల్ గారూ, మీరు చేయించండి."

సామ్యూల్ సారు స్టాప్‌వాచీ తీసుకున్నాడు. అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు. ఎక్కడ నొక్కాలో తెలీక దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఆయన ముఖానికి చెమట పట్టడం చూసి కమాల్ బాషా ఉండబట్టలేకపోయినాడు. వాచీ తీసుకున్నాడు, అడ్డుపలక సర్దినాడు, పిల్లలకు ఎప్పుడూ చెప్పినట్టే చెప్పినాడు.

"చూపు అద్దంలోనే ఉండాలమ్మా. చేతిని చూడగూడదు. తొందర లేదు, తప్పులొస్తే సిగ్గూ లేదు. నేను ఊ అన్నాక మొదలుపెట్టండి."

ఆమె మొదటిసారి ముప్పైయొక్క తప్పులు చేసింది. రెండోసారి ముప్పైనాలుగు. మూడోసారి ఇరవైతొమ్మిది. నాలుగోసారి ముప్పైయారు. ఆమె ముఖం ఎర్రబడడం చూసి కమాల్ బాషాకు ఇందిరమ్మ గుర్తొచ్చింది. ఇంత చదువుకున్న తల్లి నలుగురిలో చిన్నబోతాందని గుండె నీరైంది. కిందికి వంగి మెల్లగా అన్నాడు.

"పోనీలేమ్మా. మీరేం మనసులో పెట్టుకోవద్దు. పద్నాలుగని రాసుకుందాం. అందరికీ అదే రాస్తాం."

పద్మావతమ్మ పుల్ల కింద పెట్టింది. "అందరికీనా?"

"అందరికీనమ్మా. ఆరేండ్లుగా."

అప్పుడు తలెత్తి సారు ముఖం చూసినాడు. తానేమన్నాడో అప్పుడర్థమైంది. ప్రిన్సిపాలు కిటికీలోంచి బయటకు చూస్తాండాడు, అక్కడ చూడ్డానికి ఏమీ లేకపోయినా. స్టాప్‌వాచీ మాత్రం కమాల్ బాషా చేతిలో నడుస్తానే ఉంది. అలవాటు కొద్దీ ఆపి, సున్నాకు తిప్పి, డబ్బాలో పెట్టినాడు.

పద్మావతమ్మ ఇత్తడి రేకును ఊడదీసి వెలుతురుకు పట్టింది. నక్షత్రం మొనలు అరిగి మొద్దుబారినాయి.

"దీన్ని ఎన్నిసార్లు గీశావు నువ్వు?"

"లెక్క పెట్టలేదమ్మా. వెయ్యికి తక్కువుండవు."

"ఈ నెలలో నాలుగు కాలేజీలు చూశాను," అందామె సామ్యూల్ సారు వైపు తిరిగి. "రెండింట్లో పెట్టెలో నక్షత్రం చుట్టూ కూరిన గడ్డి కూడా తీయలేదు. పుస్తకాల్లో మాత్రం మీకంటే అందమైన గీతలున్నాయి. మీ దగ్గర కనీసం ఇత్తడైనా అరిగింది."

అది మెచ్చుకోలో తిట్టో తెలీక సారు తల ఊపినాడు.

ఉత్తరం జూలైలో వచ్చింది. ప్రిన్సిపాలు కమాల్ బాషాను గదిలోకి పిలిచి కుర్చీ చూపించినాడు. కుర్చీ చూపించినప్పుడే కమాల్ బాషా సగం గ్రహించినాడు.

"విభాగం నిలబడింది కమాల్ బాషా. సారు రెండు నెలలు శిక్షణకు పోవాల. ప్రయోగాలకు కూర్చునేవాళ్లు కాలేజీతో సంబంధం లేని బయటివాళ్లై ఉండాల. అటెండరు పోస్టు పర్మినెంటు చేసినారు."

"మంచిదే కదా సార్."

"ప్రమాణాలు పెంచినారప్పా. ప్రయోగశాల అటెండరు ఎస్సెల్సీ పాసై ఉండాల. నువ్వెందాక చదివినావు?"

"మూడో తరగతి. ఉర్దూ బడిలో."

ప్రిన్సిపాలు బల్ల మీది పేపరువెయిట్‌ను ఇటునుంచి అటు జరిపినాడు. సామ్యూల్ సారు ఊరుకోలేదు. పద్మావతమ్మకు నాలుగు పేజీల ఉత్తరం రాసినాడు. ఆ విభాగంలో ప్రయోగం చేయించడం తెలిసినవాడు ఒక్కడే, అతన్నే తీసేస్తున్నారని, తన గురించి కూడా దాచకుండా రాసినాడు. ఆమె వెంటనే జవాబిచ్చింది. తన నివేదికలో సరిగ్గా అదే మాట రాశానంది. చదువు నిబంధన తనది కాదు, ప్రతి ఉత్తర్వుకూ ఆఫీసువాళ్లు జతచేసే అచ్చుకాగితంలో ఉంటుంది, దాన్ని మార్చే అధికారం ఎవరిదో కనుక్కుంటున్నానంది. కనుక్కుంటానే ఉండిపోయింది.

జమ్మలమడుగు నుంచి ఆనందయ్య అనే ఎస్సెల్సీ పాసైన మనిషి వచ్చినాడు. అతనికి పని నేర్పడానికి కమాల్ బాషాను పదిహేను దినాలు ఉండమన్నారు. ఉన్నాడు. అద్దం తుడవడం, వాచీకి కీ ఇవ్వడం, చెప్పాల్సిన మాటలు, అన్నీ నేర్పినాడు. తప్పులు చేయడం ఒక్కటి నేర్పలేదు.

"అదేందో కూడా చెప్పరాదా అన్నా, పిల్లకాయలు అడుగుతాండారు," అన్నాడు ఆనందయ్య.

"అది సిలబసులో లేదు," అన్నాడు కమాల్ బాషా.

తమ్ముడు చాంద్ బాషా మంచివాడు. పొద్దున పూట మగ్గం అన్నకిచ్చి తను మధ్యాహ్నం దిగేవాడు. ఖాకీ చొక్కాను జానీబీ ఉతికి మడిచి పెట్టింది. పోస్టుమాను వీధిలో గంట కొట్టుకుంటా పోతే ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ తలెత్తరు. ఆ మేరకు జూన్ పీడ వదిలినట్టే.

ఒకరోజు పొద్దున ఓబుళరెడ్డి నక్షత్రాన్ని చంకలో పెట్టుకుని మోడంపల్లెకు వచ్చినాడు.

"మామా, బయటి మనిషి కావాలంట. నువ్వు ఇప్పుడు బయటి మనిషివే కదా. రూలుకు సరిగ్గా సరిపోతావు."

కమాల్ బాషా మగ్గం పలక కొట్టడం ఆపినాడు. నవ్వొచ్చింది, నవ్వలేదు. "కూర్చుంటా. కానీ ఇప్పుడు నాకు జీతమిచ్చి తప్పులు చేయమనే వాళ్లు లేరు. నా చేయి నాకు ఎట్లొస్తే అట్ల గీస్తా. ఒక్కటి కూడా రాదు. రాసుకుంటావా?"

"సారు శిక్షణకు పోయొచ్చినాడు మామా. పక్కనే నిలబడి అన్నీ అడుగుతాండాడు. సున్నా అంటే ఈ మనిషి కొత్తవాడేనా అంటాడు."

"శానా మంచి ప్రశ్న. ఆరేండ్ల కింద అడగాల్సింది." అతను ఇంట్లోకి చూసి జానీబీని పిలిచినాడు. "నీ యంత్రాన్ని ఎప్పుడూ చూడని మనిషి ఈ వీధిలో శానా మంది ఉండారు. ఈమెతో మొదలుపెట్టు."

"నాకు పిచ్చుందని తేలితే?" అంది జానీబీ చేతులు తుడుచుకుంటా.

"నన్ను కట్టుకున్నప్పుడే తేలిపోయింది, కూర్చో."

ఆమె కూర్చుంది. నలభైయొకటి, నలభైయేడు, ముప్పై, ముప్పైమూడు, పంతొమ్మిది, ఇరవైరెండు. గీత కొండాపురం దారిలాగ ఎక్కుతా దిగుతా పోయింది. ఓబుళరెడ్డి పుస్తకం మూసి దిగులుగా కమాల్ బాషా వైపు చూసినాడు. ఎవరో ఒకరు నిజంగా నేర్చుకుంటుంటే కమాల్ బాషా చూడడం అదే మొదలు. మగ్గం గుంటలోంచి లేచొచ్చి భార్య చేతి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏం రాయమంటావు మామా?"

"వచ్చింది రాయి. మార్కులు పోతే పోనీ."

జానీబీ పుల్ల ఇంకా వదల్లేదు. "ఆరుతో ఎందుకు ఆపినారు? నాకు ఇప్పుడిప్పుడే పట్టు దొరుకుతాంటే," అంది అద్దంలోంచి చూపు తిప్పకుండా.

ఓబుళరెడ్డి పుస్తకం మళ్లీ తెరిచి, ఆరో వరుస కింద ఏడో వరుస అంకె వేసుకున్నాడు.