తూటాల బల్ల మీద నా తూకం

మా ఇంట్లో బంగారం తూచేటప్పుడు ఫ్యాన్ ఆపేసేవాళ్ళం. ఎంత ఎండాకాలమైనా సరే. నాన్న నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, గురువింద గింజంత బంగారాన్ని త్రాసులో వేసేవాడు. జగిత్యాల దగ్గర మాది అవుసుల కుటుంబం, అంటే కంసాలి పని. నగల షోరూములు వచ్చి మా కుంపటి ఆరిపోయాక నేను ఒమాన్ వచ్చాను. బహ్లాలో మా అర్బాబ్‌కు, అంటే యజమానికి, కన్‌స్ట్రక్షన్ కంపెనీతో పాటు లైసెన్సున్న షూటింగ్ రేంజ్ కూడా ఉంది. నా డ్యూటీ అక్కడే.

అర్బాబ్ ఏడాదికోసారి వేటకు ఆఫ్రికా వెళ్తాడు. అందుకోసం ఒక మాగ్నమ్ రైఫిల్ ఉంది. కొన్న తూటాలు ఒకదానిలా ఒకటి ఉండవని, రేంజ్‌లోనే సొంతంగా తయారు చేయిస్తాడు. ఇత్తడి గొట్టంలో తూచిన తుపాకి మందు పోసి, పైన గుండు బిగించాలి. నా చెయ్యి వణకదని చూసి ఆ బల్ల నాకు అప్పగించాడు. మొదటి రోజే నేను ఏసీ ఆపేశాను. దాని గాలికి త్రాసులో అంకెలు ఆడుతున్నాయి, అంతకుముందు ఎవరూ అది పట్టించుకోలేదు. ఖాళీ గొట్టాలను కూడా తూచి, బరువు కలిసినవాటిని ఒక పెట్టెలో వేశాను. చెమట కళ్ళలోకి కారుతున్నా ప్రతి తూటా మందునూ రెండుసార్లు తూచాను.

అయినా అర్బాబ్ కాల్చిన ఐదు దెబ్బలూ అన్నం పళ్ళెమంత వెడల్పున చెదిరాయి. ఆయన ఆ టార్గెట్ కాగితాన్ని చూసి, తర్వాత నన్ను చూశాడు. పక్కనే రేంజ్ మేనేజర్ ఉన్నాడు. కాకినాడ వైపు ఇంజనీరు, మన తెలుగువాడే.

"ఏవయ్యా, కంసాలి చెయ్యి ఊరుకోదు కదా! మందులో కూడా కాస్త నొక్కేశావేంటి?" అని నాతో తెలుగులో నవ్వాడు. వెంటనే అర్బాబ్ వైపు తిరిగి, ఇతని తూకం నమ్మలేమని ఇంగ్లీషులో చెప్పాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నొక్కేసిన మందు ఏం చేసుకుంటాను, కరిగించి పెళ్ళికూతురికి పుస్తెలు చేస్తానా? తూకం తగ్గిందని ఒక్క మనిషి కూడా ఏనాడూ మా నాన్న గడప తొక్కలేదు. ఆయన పోయాక ఆ ఒక్క పేరే నాకు మిగిలింది.

"శనివారం మళ్ళీ కాలుస్తాను. ఇలాగే ఉంటే నువ్వు మబేలా సైట్‌కు పో" అని అర్బాబ్ హిందీలో తేల్చేశాడు. సైట్‌లో ఇటుకలు మోయడానికి నాకు భయం లేదు. దొంగ తూకం పేరు మోసుకుని పోవడం మాత్రం నా వల్ల కాదు.

తప్పు ఎక్కడుందో నేను చూశాను. ఆ రైఫిల్ భుజాన్ని గట్టిగా తంతుంది. ఆ తన్ను వస్తుందని అర్బాబ్ ముందే బిగుసుకుపోయి కళ్ళు మూసుకుంటున్నాడు. అది మేనేజర్‌కూ కనిపించే ఉంటుంది. యజమానికి చెప్పడం కంటే నా మీదికి నెట్టడం ఆయనకు సులువు.

తూటా పొడవు సరిచూసుకోవడానికి బల్ల మీద ఎప్పుడూ ఒక డమ్మీ ఉంటుంది. అందులో మందు ఉండదు, అది పేలదు. శనివారం తూటాలు ఒక్కొక్కటే అందించింది నేనే. రెండు అసలైనవి ఇచ్చి, మూడోసారి డమ్మీ ఇచ్చాను.

టిక్కుమంది, అంతే. కానీ రైఫిల్ మూతి బెత్తెడు కిందికి వంగింది. అర్బాబ్ భుజం అదిరిపడింది. కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాయి.

"ఏం ఇచ్చావు?" అన్నాడు నా వైపు తిరిగి.

"అది డమ్మీ, అర్బాబ్. మందు లేదు. కదిలింది మీరే" అన్నాను నాకొచ్చిన హిందీలో.

ఆయన రైఫిల్ పక్కన పెట్టి గడ్డం నిమురుకున్నాడు. "రోజూ ఇలాగే కలిపి ఇవ్వు. ఏది ఎప్పుడో నాకు చెప్పకు" అన్నాడు. కొన్ని వారాలకు ఐదు దెబ్బలూ అరచేతిలో పట్టేంత దగ్గరికి వచ్చాయి. ఆ కాగితానికి ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టారు. వచ్చినవాళ్ళకు మేనేజర్ అది కొత్త రకం మందు మహిమ అని చెబుతుంటాడు. చెప్పుకోనీ. నన్ను దొంగ అన్న మాట మాత్రం ఒక్కరోజైనా వెనక్కి తీసుకోలేదు.

పోయిన నెల ఆయనే నా బల్ల దగ్గరికి వచ్చాడు. కూతురి కోసం రూవి బజారులో కొన్న బంగారు గొలుసు జేబులోంచి తీశాడు.

"కాస్త తూచిపెట్టవయ్యా. షాపువాళ్ళని నమ్మలేం. నీ చేతి మీద నాకు గురి."

ఏసీ ఆపి, తలుపు వేసి, తూచాను. బిల్లులో రాసినంతా ఉంది. గొలుసు చేతికిస్తూ, "కంసాలి చెయ్యి గద సార్, ఏమన్న నొక్కిన్నేమో చూస్కోన్రి" అన్నాను.

"అబ్బే, ఇంకా ఆ మాటే పట్టుకు కూర్చున్నావా!" అని నవ్వుతూ గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు. వెనక్కి వచ్చి, గొలుసు తానే మళ్ళీ త్రాసులో వేసి, ఒంగి అంకెలు చూసుకుని వెళ్ళాడు.