ఎవరిస్తో మేస్త్రీ అమ్మని స్క్రూలు

ఎవరిస్తో మేస్త్రీకి ఒకటే జబ్బు. స్క్రూల కొట్టు పెట్టుకుని కూడా, అడిగినవాడికి అడిగిన స్క్రూ అమ్మేవాడు కాదు.

లీమా శివారు విల్లా ఎల్ సాల్వడోర్‌లో మా వీధి పొడుగునా వడ్రంగి షెడ్లే, అందులో ఒకటి నాది. వాటి మధ్య ఇరుకుగా ఆయన కొట్టు, గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. పొద్దున్నే వెళ్లి, "మేస్త్రీ గారూ, రెండంగుళాలవి ఓ రెండొందలు" అంటే, ఆయన కళ్లద్దాలు ముక్కు మీదికి దించి మొదలెట్టేవాడు. ఏ చెక్క? ఎంత మందం? దేనికి దేన్ని బిగిస్తున్నావు? అలమరా, మంచమా? మంచమైతే ఎవరు పడుకుంటారు? బరువెంత? ఇల్లు ఏ వీధిలో? నన్ను పెళ్లాడతానని వచ్చినవాణ్ణి మా నాన్న ఇన్ని ప్రశ్నలు అడగలేదు. అడిగుంటే బాగుండేది.

మా పక్క షెడ్డు విల్బర్ ఓసారి పిల్లాడి మంచానికి ఎనిమిది స్క్రూలు కావాలని వెళ్లాడు. పిల్లాడు ఇంకా పుట్టలేదనీ, నెల గడువుందనీ, చెక్కలో ఇంకా పచ్చి ఉందనీ మేస్త్రీ ఒక్కొక్కటే బయటికి లాగాడు. "అయితే తొందరేముంది? చెక్క ఆరనీ, తర్వాత రా" అని వట్టి చేతుల్తో పంపేశాడు. విల్బర్ వీధంతా వినపడేలా తిట్టుకుంటూ వచ్చాడు. నెల తిరిగేసరికి మళ్లీ అక్కడికే వెళ్లాడు, అది వేరే సంగతి.

ఇంకొకాయన పుస్తకాల అలమర కోసం తుప్పు పట్టని ఖరీదైన స్క్రూలు అడిగాడు. మేస్త్రీ ఆయన్ని ఎగాదిగా చూసి, "లీమాలో బయటే వాన పడదు. మీ ఇంట్లో పడుతుందా?" అన్నాడు. జింకు పూత వేసిన మామూలువి కట్టిచ్చి పంపాడు. వచ్చిన లాభాన్ని వద్దనే వ్యాపారిని నేనింకెక్కడా చూడలేదు.

చెప్పే మాటలు మాత్రం మేలిమివి. పద్దెనిమిది మిల్లీమీటర్ల బోర్డుకి మడతబందు బిగించాలంటే పదహారు మిల్లీమీటర్లది చాలు, ఇంకాస్త పొడుగైతే అవతల ముక్కు బయటపెడుతుంది. పొట్టు అదిమి చేసిన బోర్డుకి స్క్రూ మరచుట్లు ఎడంగా, లోతుగా ఉండాలి. గట్టి చెక్కకి ముందు సన్నగా బెజ్జం వేసుకో, స్క్రూకి కాస్త మైనం రాయి, చివరి రెండు చుట్లూ చేత్తో తిప్పు. ఇవే మాటలు ఇవాళ నా పనివాళ్లకి నేను చెబుతుంటాను. నావే అన్నట్టు చెబుతాను.

ఆరేళ్ల కిందట ఓర్తెన్సియా గారని ఒక వితంతువు వంటింటికి గోడ అలమరలు చేసే పని ఒప్పుకున్నాను. శనివారానికి బిగించి తీరాలి. శుక్రవారం మధ్యాహ్నం స్క్రూలు అయిపోయాయి. బెజ్జం వెయ్యకుండానే డ్రిల్లుతో చకచకా దిగిపోతాయని నల్ల స్క్రూలు అడిగాను. మేస్త్రీ ప్రశ్నలకి ఓపిగ్గానే జవాబిచ్చాను: పొట్టు బోర్డు, గోడ అలమరలు, ఓర్తెన్సియా గారిల్లు, మార్కెట్ వెనక వీధి. ఆయన సొరుగు మూసేశాడు. నల్లవి జిప్సం బోర్డుకేగాని బరువు మోసే అలమరకి పనికిరావన్నాడు. నల్లదొకటి వైస్‌లో బిగించి సుత్తితో ఒక్కటిచ్చాడు, తల ఎగిరిపోయింది. జింకుదాన్నీ అలాగే కొట్టాడు, వంగి ఊరుకుంది.

"వంగేది ముందు చెబుతుందమ్మాయ్. విరిగేది చెప్పదు."

నాకు ఒళ్లు మండిపోయింది. కొట్టు నిండా జనం ఉన్నారు. "మేస్త్రీ గారూ, మీరు స్క్రూలమ్మేవారా, పాపాలు వినే ఫాదరా? మీ చాదస్తానికి మా పొట్టలు మాడ్చుకోవాలా?" అన్నాను. ఆయన మూసిన సొరుగు మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాడు.

ఎదురుగా కొత్తగా తెరిచిన పెద్ద కొట్లో నిమిషంలో నల్లవాటి పెట్టె ఇచ్చారు. పని శనివారానికి అయిపోయింది. అక్కడితో ఊరుకున్నానా? ఎదురుకొట్లో నోరెత్తకుండా అమ్ముతారని కనిపించిన ప్రతి వడ్రంగికీ చెప్పాను. విల్బర్ కూడా అటే మళ్లాడు. ఏడాదిన్నరకి మేస్త్రీ కొట్టు మూసి, దూరాన కొండల్లో అబంకాయ్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోయాడు. సొరుగులు లారీకెక్కిస్తున్న రోజున నేను మా షెడ్డులో నున్నగా ఉన్న చెక్కనే మళ్లీ నున్నగా రుద్దుతూ కూర్చున్నాను. ఆయన వెళ్లొస్తానని చెప్పడానికి గుమ్మం దాకా వచ్చి, నా వీపు చూసి వెళ్లిపోయాడట.

పోయినేడు నేను ఇంకో ఇంట్లో నల్ల స్క్రూలతో బిగించిన అలమర ఊడిపడింది. మనుషులకేం కాలేదు, పింగాణీ అంతా పోయింది. నాకు ఓర్తెన్సియా గారి అలమరలు గుర్తొచ్చాయి. సరైన స్క్రూలు తీసుకుని పరిగెత్తాను.

ఆవిడ తలుపు తీసి, "మళ్లీ ఎందుకమ్మా నెలిదా? నువ్వు పంపిన పెద్దాయన అప్పుడే అన్నీ మార్చేశాడుగా" అంది.

అలమరలు తెరిచి చూశాను. నల్లది ఒక్కటి లేదు. లేత పసుపు జింకు తలలు, వాటి మీద గీతలన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉన్నాయి. నెలిదా చాలా జాగ్రత్త గల మనిషి, బిగించిన తర్వాత కూడా మనసాగక మళ్లీ చూసి రమ్మంది అని మేస్త్రీ ఆవిడతో చెప్పాడట. ఆ మాట నమ్మి ఆవిడ నన్ను పదకొండిళ్లకి సిఫారసు చేసింది. ఆ పదకొండిళ్ల మీదే నా షెడ్డు నిలబడింది. ఆ వీధిలో విల్బర్ బిగించినవీ ఆయనే సరిచేశాడని అప్పుడే తెలిసింది. ఇల్లు ఏ వీధిలో అని అందర్నీ అడిగేది ఇందుకన్నమాట.

అబంకాయ్ బస్సెక్కాను. దారి పొడుగునా క్షమాపణ వల్లె వేసుకున్నాను. ఆయన అక్కగారింటి వాకిట్లో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాడు. నేను సగం చెప్పేసరికే చెవులు ఎర్రబడి, సూప్ తెమ్మని లోపలికి కేకేశాడు. కొట్టు పోయింది నా నోటివల్లేనన్నాను. పోనీలే అన్నాడు. ఆ పోనీలే నన్ను ఇంకా పొడుస్తూనే ఉంది.

మాట మార్చడానికి, అరవై స్క్రూలకి ఓర్తెన్సియా గారింటికి తొమ్మిది మంగళవారాలు వెళ్లారటగా, చేత్తో తిప్పినా ఒక్కపూట పని కదా అన్నాను.

ఆయన, అక్క వినడంలేదు కదా అని వంటింటివైపు చూసి గొంతు తగ్గించాడు. "మంగళవారాలు ఆవిడ గుమ్మడికాయ కూర చేస్తుందమ్మాయ్. అన్నీ ఒకేరోజు బిగించేస్తే మళ్లీ ఎందుకు పిలుస్తుంది?"

ఇప్పటికీ మంగళవారాలు అదే చేస్తుందని చెప్పాను. ఆయన ఒలుస్తున్న చిక్కుళ్లు పక్కన పెట్టి, లీమా బస్సు పొద్దున ఎన్నింటికని అడిగాడు.