మగ్గం మీది అంచూ, మెడలో ఫోనూ

పిల్లల్ని ఎత్తుకుపోయే దొంగను నా మనవరాలు బడి దగ్గరే నిలబెట్టేసిందని, ఆ ఉపాయం నేర్పింది నేనేనని ధర్మవరంలో మా వీధంతా చెప్పుకొని తిరిగాను. దొంగ ఆరడుగులున్నాడనీ, బయట జీపు కాచుకొని ఉండిందనీ అన్నాను. జీపు లేదు. ఆ మనిషి దొంగా కాదు. మా అల్లుడి స్నేహితుడు, మోటారు సైకిల్ మీద వచ్చాడు.

సెల్‌ఫోన్లు మా వైపు కొత్తగా వచ్చిన కాలం అది. మడకశిర వైపు ఎవరో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని పుకారు లేచింది. ఎవరి బిడ్డ పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు గానీ, భయం మాత్రం హిందూపురం, పెనుకొండ దాటి మా ఊరికి వచ్చేసింది. నా కూతురూ అల్లుడూ హిందూపురంలో కంపెనీ పనులు చేసుకునేవాళ్ళు. పదేళ్ళ మనవరాలు నా దగ్గరే ఉండి, నాలుగు వీధుల అవతలి బడికి ఒక్కతే నడిచి పోయేది. అల్లుడు ఆదివారం వచ్చి, తాడు కట్టిన ఫోన్ దాని మెడలో వేశాడు.

"మధ్యాన్నం ఒకతూరి, సాయంత్రం ఒకతూరి చేస్తా. అది ఎత్తకపోతే హిందూపురం పిలుచుకొని పోతా మామా. మళ్ళా పంపను."

"ఏమప్పా, బిడ్డనా, దూడనా? మెడకు కడతాండావు."

"నీకు తెలీదులే మామా. కాలం మారింది."

నాకు యంత్రమంటే పగ లేదు. నా చీరల అంచులో బొమ్మలు లేపేది మగ్గం పైన వేలాడే చిల్లుల అట్టలే. ఒక్కో బొమ్మకు ఒక్కో అట్టల కట్ట. వాటిని మా నాయన తిట్టాడు, నేను మగ్గానికి ఎక్కించాను. అయితే ఆ అట్టల్ని నడిపేది నేను. ఈ ఫోన్‌ను నడిపేది బిడ్డ కాదు, హిందూపురంలో కూర్చున్న వాళ్ళ నాయన భయం.

అలాగని టీ అంగట్లో ఆ ఫోన్‌ను తక్కువ పొగిడానా? "బిడ్డ ఏ వీధిలో ఉండాదో ఆకాశం నుంచి చూస్తాదప్పా. పరాయివాడు చెయ్యి పట్టుకుంటే పోలీస్ స్టేషన్లో గంట మోగుతాది" అన్నాను. అందరూ నమ్మారు.

ఒక గురువారం పెనుకొండలో చుట్టాలింట నిశ్చితార్థానికి పోయాను. బిడ్డకు బరువవుతోందని ఆ రోజు ఫోన్ తీసి నా జేబులో వేసుకున్నానని తరువాత చెప్పాను. బిడ్డ బరువని ఎన్నడూ అనలేదు. చుట్టాలకు చూపించి గొప్పలు పోదామని నేనే తీసుకుపోయాను. మధ్యాహ్నం అది మోగింది.

"బిడ్డ యాడుండాది మామా?"

"ఈడనే, బళ్ళోనే. నేను అన్నం తెచ్చినా, తింటాండాది."

సరిగ్గా అప్పుడే మేళం అందుకుంది.

"బళ్ళో మేళమేంది మామా? ఫోను దానికియ్యి."

నేను ఫోన్ కట్ చేశాను.

అల్లుడు హడలిపోయి ధర్మవరంలోని స్నేహితుణ్ణి బడికి పంపాడు. మనవరాలు అతన్ని ఎన్నడూ చూడలేదు. "మీ నాయన పిలుచుకొని రమ్మన్నాడు పాపా" అంటే, "మా తాత మగ్గం మీద ఈ పొద్దు అంచు ఏముండాది?" అని అడిగింది. అతను తన ఫోన్లో అల్లుడికే కలిపిచ్చాడు. అది వాళ్ళ నాయన్నూ అదే అడిగింది.

"నేనే మే, మీ నాయన్ను."

"గొంతు నీదే నాయనా. అంచు ఏముండాదో చెప్పు."

ఏడాదిగా ఆదివారం ఆదివారం వచ్చిపోయే మనిషి ఒక్కసారైనా మగ్గం వైపు చూసి ఉంటే కదా చెప్పేదానికి. సాయంత్రం నేను పెనుకొండ నుంచి బడికి వచ్చి, ఆ స్నేహితుడి ముందరే "మామిడి పిందెలు" అన్నాక గానీ అది హెడ్‌మాస్టరమ్మ గదిలోంచి కదలలేదు.

ఆ ప్రశ్న దొంగల కోసం నేను కనిపెట్టింది కాదు. ఇంట్లో నా నేతను మెచ్చేవాళ్ళు లేక, రోజూ బడికి పోయే ముందు మనవరాల్ని పిలిచి అంచు చూపించేవాణ్ణి. ఆ అంచు ఇంటి మనుషులకే తెలుస్తుందని, చీర మారితే మారుతుందని గమనించి, దాన్ని తనకు కాపలాగా పెట్టుకున్నది ఆ బిడ్డే.

ఆదివారం అల్లుడు ఖాళీ సంచితో వచ్చాడు. "బట్టలు సర్దుకో."

అది వాకిట్లోనే అడ్డం నిలబడింది. "అంచు ఏముండాది?"

"మామిడి పిందెలు," అన్నాడు, స్నేహితుడు చెప్పిన ధీమాతో.

"కాదు."

ఆ మామిడి పిందెల చీరను శుక్ర, శనివారాలు నడుం విరిగేలా కూర్చుని ముగించి, కొత్త అట్టలు కట్టాను. షావుకారు తొందర పెట్టాడని ఇంట్లో చెప్పాను. ఎవరూ తొందర పెట్టలేదు.

అల్లుడు చెప్పులు విడిచి వచ్చి మగ్గం గుంట పక్కన వంగాడు. నేసింది జానెడు కూడా లేదు. చాలాసేపు చూశాడు.

"హంసలు."

"ఆఁ," అని అది పక్కకు జరిగింది.

"నిజంగా దొంగే వస్తే ఈ హంసలు ఆపుతాయా మామా?"

"తెలీదు. నా జోబులో ఉండే ఫోను ఆపుతాదా? ఫోను ఇంట్లో ఉండనీ. సాయంత్రం చెయ్యి, అదే ఎత్తి మాట్లాడతాది. మెడకు మాత్రం కట్టనియ్యను. బిడ్డనూ పంపను."

అల్లుడు ఖాళీ సంచితోనే రైలెక్కాడు. సోమవారం మనవరాలు మెడలో ఏమీ లేకుండా బడికి పోయింది. నేను మగ్గం దిగనే లేదని సాయంత్రం అల్లుడికి ఫోన్లో చెప్పాను. నిజానికి దానికి కనపడకుండా బడి గేటు దాకా వెనకే పోయాను.

మంగళవారం దాని వెనక పోలేదు.