గొంగడిలో చలి

"ఐసుకు గొంగడి చుడతావేందిరా, వెచ్చబడి కరగదా? పోయినవారం దారిలోనే కరగబెట్టి నా ఎద్దులు రెండిటినీ పోగొడితివి!" గిద్దలూరు స్టేషను బయట నాగేంద్రమ్మ అరుస్తా ఉంది. "అప్పుడు గొంగడి లేకనే కరిగింది పెద్దమ్మా. ఇది లోపలి చలిని బయటికి పోనీదు, బయటి ఎండను లోపలికి రానీదు. ఈపొద్దు నీ ఆవును కట్టేసి ఉంచు, వస్తా," అన్నాడు మాల్యాద్రి. పశువుల ఆసుపత్రి బంట్రోతు. రైల్లో వచ్చిన ఐసును ఫ్లాస్కులో నింపి, మధ్యలో పశువులను చంపే ముసర జబ్బు టీకా మందు పెట్టి, పైన గొంగడి చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని కొండకింద పల్లెలకు నడుస్తాడు. చలి పోయిందంటే మందు చచ్చినట్టే.

అప్పుడప్పుడు ఆగి ఫ్లాస్కుకు చెవి ఆనిస్తాడు. లోపల ఐసు ముక్కలు కదిలే చప్పుడుకు కళ్లు సగం మూతపడతాయి. కాలేజీ మానేసి, అదే రైలు దిగి అతని పక్కన నిలబడిన నాకు గుర్తున్న పాఠం ఒకటే, అది చెప్పినా: ఇంగ్లండులో గాలిని చల్లార్చి చల్లార్చి నీళ్లలాగా కారేట్టు చేసినారు, ఆ నీళ్లను దాచడానికే ఇట్లాంటి సీసా మొదట పుట్టింది. అతను అరచేతిలోకి ఊపిరి వదిలి, తడి ఉందేమోనని ఆ చెయ్యి చూసుకున్నాడు. ఎండ ముదిరింది. నా గొడుగు వైపు తిరిగి మెల్లగా అడిగినాడు: "నాయనా, పల్లె దాకా నాతో నడువు. గొడుగు నాకు కాదు, ఫ్లాస్కుకు పట్టు."